చేతికివ్వని చాకు

మొన్న ప్రొద్దుటూరులో మా తమ్ముడి మనవరాలి పెళ్ళికి వెళ్ళాను. పెళ్ళికొడుకు మంటపంలోకి వస్తుంటే అతని చేతిలో చాకు కనబడింది. నా అలవాటు కొద్దీ, పిడి ఏ చెక్కతో చేశారో చూద్దామని దగ్గరికి పోయి కళ్ళద్దాలు సరిచేసుకున్నాను. చెక్కా లేదు, ఇనుమూ లేదు. బంగారు రంగు పూసిన ప్లాస్టిక్ చాకు. దాని మొనకు గుచ్చిన నిమ్మకాయ కూడా ప్లాస్టిక్‌దే. పెళ్ళి సామాన్లు బాడుగకిచ్చే అంగడివాళ్ళు బాసికాలతో పాటు ఒకే డబ్బాలో పెట్టి పంపించారట. "ఇదేంది నాయనా, దీన్ని జూసి ఏ దిష్టి బెదురుతాది?" అని అడిగితే పెళ్ళికొడుకు పాపం నవ్వి ఊరుకున్నాడు. అతని పక్కనున్న కోస్తా స్నేహితుడు మాత్రం ఊరుకోలేదు. "బామ్మగారూ, మీ కడప జిల్లా పెళ్ళిలో నిజం కత్తి కూడా ఎందుకండీ, మాకు భయం" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, భోజనాల దగ్గర కూర్చున్నాక కూడా ఆ మాట నా మనసులో మెదులుతూనే ఉంది.

మా జిల్లా పేరెత్తితే చాలు, బయటివాళ్ళకు కత్తులే గుర్తొస్తాయి. వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. కానీ నా చిన్నతనంలో మా ఇంట్లో ఒక పెట్టె నిండా చాకులుండేవి. అవి మా నాయన బొటనవేలిని తప్ప ఇంకెవరినీ గాయపరిచిన పాపాన పోలేదు. ఆ రోజుల్లో మా వైపు చాకు లేకుండా గడప దాటే మగవాడు అరుదు. సేద్యగాళ్ళు మొలతాటికి కట్టుకునేవాళ్ళు, ఉద్యోగస్థులు జేబులో వేసుకునేవాళ్ళు. పొద్దున్నే వేపపుల్ల కోయడానికి, వక్క చెక్కలు చేయడానికి, కాల్లో దిగిన తుమ్మముల్లు తీయడానికి, పిల్లల పెన్సిళ్ళు చెక్కడానికి, దోవలో ఎవరైనా కలింగరకాయ ఇస్తే నలుగురూ కోసుకు తినడానికి అన్నింటికీ అదే. మడిచి పెట్టుకుంటే అరచేతిలో ఇమిడిపోయేది. అలుగు ఇనుముది, పిడి చెక్కది, రెంటినీ కలిపే చీల ఇత్తడిది. అంతకు మించి దానిలో ఏమీ ఉండేది కాదు.

నాయన బోర్డు హైస్కూల్లో లెక్కల అయ్యవారు. పెద్దముడియం పక్క పల్లెలో సేద్యగాళ్ళ ఇంట పుట్టి, ఆ ఇంట్లోంచి చదువుకుని ఉద్యోగానికి పోయిన మొదటి మనిషి. మా జేజినాయన పోయినప్పుడు అన్నదమ్ములు పొలమూ ఎద్దులూ పంచుకుంటుంటే, నాయన మాత్రం తన తండ్రి మొలతాటికి ఉండిన చాకు ఒక్కటి ఇస్తే చాలన్నాడట. తక్కినవాళ్ళకు అది భలే బేరంగా తోచి ఉంటుంది. ఆ చాకుతో మొదలైంది ఈయన పిచ్చి. జమ్మలమడుగులో మేము కాపురమున్నప్పుడు, ఆంధ్రరాష్ట్రం వచ్చిందని స్కూల్లో బొరుగులూ బెల్లమూ పంచిన కాలానికే, పెట్టె కదిలిస్తే గలగలమనేది. ఏ ఊరికి పోయినా ముందు కొలిమి ఎక్కడుందో అడిగేవాడు. జమ్మలమడుగు కొలిమిలో పాత లారీల కమానుపట్టీలు సాగగొట్టి చేసిన అలుగులంటే ఆయనకు ప్రాణం. పులివెందుల సంతలో గోతం పరుచుకుని చాకులమ్మే మస్తాన్, నాయన కోసం ఒకటి వేరే దాచిపెట్టి, "అయ్యవారూ, ఇది సూడండి, చింతచెక్క, చేవ చూసి కోసింది" అని రుమాలులోంచి తీసేవాడు. ఒక్కొక్క చెక్క మీదా నాయనకు ఒక్కొక్క అభిప్రాయం ఉండేది. తుమ్మ నమ్మకమైనదనేవాడు, చెయ్యి చెమర్చినా జారదు కాబట్టి. వేప ఎండకు పగులుతుందని మొహం చిట్లించేవాడు. చింత గట్టిది, మొండిది. ఎర్రచందనం గురించి మాత్రం ఏమీ అనేవాడు కాదు, ఊరికే పిడి మీద బొటనవేలు ఆనించి నిమిరేవాడు.

పొద్దున స్నానం చేసి, చొక్కా తొడుక్కుని, పడసాలలో పెట్టె ముందర గొంతుక్కూర్చోవడం నాయన దినచర్య. ఆ రోజు జేబులో వేసుకోవాల్సిన చాకు ఏదో తేల్చాలి. ఒకటి తీసి, తెరిచి, మూసి, మళ్ళీ పెట్టి, ఇంకొకటి తీసేవాడు. వంటింట్లోంచి అమ్మ, "పెండ్లిచూపులు అయినాయా, సంగటి చల్లారిపోతాంది" అని కేకేసేది. "ఇంగ ఒక్క నిమిషం" అనేవాడు. అమ్మకు ఆ పెట్టె మీద పీకలదాకా కోపమని మేమంతా అనుకునేవాళ్ళం. ఒకసారి వానకు మిద్దె కారితే, బియ్యం మూట కంటే ముందు ఆ పెట్టెను పక్కకు జరిపింది ఆమే. ఆ సంగతి ఎత్తితే కస్సుమనేది.

ఆదివారం వచ్చిందంటే చాకులన్నీ పంచలో నాపరాయి మీదికి చేరేవి. నాయన పక్కన నేను కూర్చునేదాన్ని. మామిడికాయ పసరు తగిలి నల్లబడిన అలుగులను పొయ్యి బూడిదతో రుద్ది, పాత పంచె గుడ్డతో తుడిచి, పిడికి ఆముదం పట్టించాలి. ఆముదం ఎక్కువైతే పిడి జిడ్డు కక్కుతుంది, తక్కువైతే చెక్క దాహం తీరదు. ఆ పాళ్ళు నా వేళ్ళకు తెలిసేవి. తమ్ముడు ఒక చాకు తుడిచి రెండో దానికి లేచి పారిపోయేవాడు, నేను మధ్యాహ్నం దాకా కదిలేదాన్ని కాదు. ఆముదమూ బూడిదా ఇనుమూ కలిసిన ఆ వాసన నా చేతులకు సోమవారం దాకా ఉండేది. బళ్ళో నా పక్కపిల్ల ముక్కు మూసుకునేది. ఆ చాకుల్లో నాకు ప్రాణం ఎర్రచందనం పిడిది. పేరుకు చందనమే గానీ దానికి ఏ వాసనా ఉండదు. ఆముదం రాసినప్పుడు మాత్రం లోపలినుంచి ఎరుపు పైకి వచ్చేది. దాన్ని ఎప్పుడూ చివరికి ఉంచుకునేదాన్ని.

ఆ వీధిలో ఎవరింట పెళ్ళయినా పెళ్ళికొడుకు చేతికి మా చాకే పోయేది. నలుగు పెట్టినప్పటినుంచి తాళి కట్టేదాకా పెళ్ళికొడుకు ఒంటి మీద ఇనుము ఉండాలని ఆచారం. నాయన ఆ పెళ్ళికొడుకు ఒడ్డూ పొడవూ ఆలోచించి, వాడికి ఏ పిడి నప్పుతుందో చూసి చాకు తీసిపెట్టేవాడు. మొనకు నిమ్మకాయ గుచ్చి ఇవ్వడం వాళ్ళ పని, తిరిగొచ్చాక పులుపు కడిగి తుప్పు పట్టకుండా తుడవడం నా పని.

అయితే ఆ చాకులు మా ఇంట్లో ఎప్పుడూ ఒక చేతినుంచి ఇంకో చేతికి పోయేవి కావు. అది మా జేజి చట్టం. జేజి అంటే నాయన తల్లి. చాకైనా కత్తెరైనా ఇచ్చేవాళ్ళు కింద పెట్టాలి, పుచ్చుకునేవాళ్ళు కిందినుంచి తీసుకోవాలి. చేతికి చేతికి ఇస్తే ఆ ఇద్దరికీ కొట్లాట వస్తుందని ఆమె నమ్మకం. ఆమెదేమిటి, మా వైపు అందరి నమ్మకమూ అదే. లెక్కల అయ్యవారైన నాయన కూడా సంతలో మస్తాన్ దగ్గర చాకు కొనేటప్పుడు గోతం మీద పెట్టించుకునే తీసుకునేవాడు. "ఎందుకు నాయనా?" అని అడిగితే, "ఎందుకైతేనేం, కొంచెం నడుం వంచితే పోయేదేముంది" అనేవాడు.

తమ్ముడు హైస్కూల్లో చేరిన రోజు నాయన వాడి ముందర పీట మీద తుమ్మపిడి చాకు పెట్టాడు. "ఇంగ ఇది నీదిరా" అన్నాడు. వాడు తీసి జేబులో వేసుకుని, మగాడినైపోయానన్నట్టు నా వంక చూశాడు. వాడి కంటే పెద్దదాన్ని నేను. వాడి కంటే ముందు హైస్కూల్లో చేరినదాన్నీ నేనే. నేను నాయన వంక చూశాను. "నాకో?" అన్నాను. నాయన పెట్టెలోకి చెయ్యి పెట్టాడు కూడా. ఆ చెయ్యి ఎర్రచందనం దాని మీదికే పోయిందని నేను ఈనాటికీ చెప్పగలను. అప్పుడు గుంజకానుకుని వక్క నములుతున్న జేజి, "ఒరేయ్, ఆడబిడ్డకు ఇయ్యగాకు" అంది.

"చిన్న చాకే గదా మా" అన్నాడు నాయన.

"చిన్నదైతే తెగదా? ఆడబిడ్డ చేతిలో పుట్టింటి కత్తి పెడితే పుట్టిల్లే తెగిపోతాది. నన్ను జూస్తాండావు, నీకు తెలీదా?"

నాయన పెట్టె మూసేశాడు. నేను పంచలోకి పోయి, స్తంభం చాటున కూర్చుని, ఎక్కిళ్ళు వచ్చేదాకా ఏడ్చాను. కాసేపటికి జేజి వచ్చి పక్కన కూలబడింది. ఓదార్చడం ఆమెకు చేతకాదు. తన కథ చెప్పింది. జేజి పుట్టిల్లు పులివెందుల అవతల, ఇప్పుడు యురేనియం గనులున్న తుమ్మలపల్లె దగ్గరి పల్లె. జొన్న కోయడంలో ఆమెను మించినవాళ్ళు లేరట. కాపురానికి పంపేటప్పుడు వాళ్ళ నాయన ముచ్చటపడి, ఆమె కోతకు వాడే కొడవలి, కొత్త పిడి వేయించి మరీ చేతికిచ్చి పంపాడు. ఆ మరుసటి కోతలకే రెండిళ్ళ మగవాళ్ళకూ ఏదో పశువుల కాడ మాటామాటా పెరిగింది. "మీ ఇంటి గడప మేం తొక్కం" అంటే "మీ ఇంటి గడప మేమూ తొక్కం" అనుకున్నారు. మధ్యలో ఉండిన ఆడమనిషిని ఎవరూ ఏమీ అడగలేదు. తండ్రి పోయిన సంగతి కూడా దినాలన్నీ అయినాక, దోవన పోయే గాజులమ్మే మనిషి చెబితే తెలిసిందట. "ఆ కొడవలి మా నాయన ఇయ్యకపోతే బాగుండు పాపా. ఆయనకు తెలీక ఇచ్చినాడు" అంది జేజి. ఏడవలేదు. నా మొహం మాత్రం తన కొంగుతో తుడిచింది. కన్నతండ్రి మీదా కట్టుకున్నవాడి మీదా కోపం పెట్టుకోలేక, పాపం ఆ కోపమంతా ఒక కొడవలి మీద పెట్టుకుని బతికింది మా జేజి.

లోపలినుంచి నాయన ఇదంతా విన్నాడు. బయటికి వచ్చి, తల్లి ముందర నిలబడి, "నా చేత్తో పాపకు చాకు ఇయ్యన్లే మా, సరేనా" అన్నాడు. జేజి తలూపింది. నాకప్పుడు ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. నేను అత్తగారింటికి పోవడం ఎప్పుడో, పుట్టిల్లు తెగడం ఎప్పుడో, అంతవరకు ఒక్క చాకు కోసం నేను మొహం వాచిపోవాలా అనుకున్నాను. తల్లి మాట తీసివేయలేక, నా మొహం చూడలేక ఆ మనిషి ఎంత నలిగాడో నాకు తెలిసే వయసు కాదు అది.

తర్వాత నాయనకు ప్రొద్దుటూరు బదిలీ అయింది. చాకుల పెట్టె అమ్మ ఒళ్ళో కూర్చుని బస్సులో వచ్చింది. ఆదివారాలు మారలేదు, ఆముదం మారలేదు. చాకులన్నీ వాడుకోవచ్చు, ఏదీ నాది కాదు. ఒకటి మాత్రం గమనించాను. నాయన ఎర్రచందనం చాకును జేబులో వేసుకోవడం మానేశాడు. పెళ్ళిళ్ళకు కూడా ఇచ్చేవాడు కాదు. ఒకసారి అంగడివీధి షావుకారు, తన కొడుకు పెళ్ళికి ప్రత్యేకంగా దాన్నే అడిగాడు. "అది ఇచ్చేది కాదులేప్పా, ఇంగోటి తీసుకపో" అన్నాడు నాయన. ఎందుకు కాదో చెప్పలేదు. షావుకారు నొచ్చుకుని వెళ్ళాడు.

నా పెళ్ళి పులివెందుల తాలూకాఫీసు గుమాస్తాతో జరిగింది. జేజి తాను మళ్ళీ పోలేకపోయిన దిక్కుకే నన్ను పంపుతున్నారని తెలిసి రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. కాపురానికి పంపే రోజు అమ్మ గడప దగ్గరే ఏడుస్తూ ఆగిపోయింది. నాయన, జేజి, తమ్ముడు బస్టాండు దాకా వచ్చారు. ఆ బస్సు తప్పితే మళ్ళీ మాపటికే. జనం ఎగబడ్డారు. అప్పట్లో సీటు పట్టుకోవడమంటే కిటికీలోంచి తువ్వాలు వెయ్యడమే. తువ్వాలు పడిన సీటు రిజిస్టరైన పొలంతో సమానం, ఇంకెవరూ దాని జోలికి రారు. పిల్లలను తప్ప ఎవరినీ గదమాయించి ఎరగని మా నాయన, ఆ రోజు అందరినీ తోసుకుంటూ పోయి, భుజం మీది తువ్వాలు ఉండ చుట్టి కిటికీలోంచి విసిరాడు. అది సీటు మీద దబ్బున పడింది. తువ్వాలు దబ్బున పడటమేమిటని నాకు తట్టలేదు. ఏడుపులో ఉన్నాను.

మా ఆయన వెనకాలే బస్సెక్కి, సీటు మీది తువ్వాలు తీస్తే బరువుగా తగిలింది. మూలన ముడి వేసి ఉంది. విప్పితే ఎర్రచందనం చాకు. నాయన మరిచిపోయాడనుకున్నాను. కిటికీలోంచి చెయ్యి చాపి, "నాయనా, చాకు తువ్వాల్లోనే ఉండిపాయె, ఇంద" అన్నాను.

నాయన రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు. "చేతికియ్యగాకు పాపా! పోయే పూట చాకు చేతికిస్తారా ఎవరన్నా?" అని బస్టాండంతా వినబడేటట్టు అరిచాడు.

"అయితే కింద ఏస్తా, తీసుకో."

"ఏయగాకు, పిడి పగులుతాది!"

"జేజీ, నువ్వన్నా తీసుకో" అన్నాను, చాకును ఆమె వైపు తిప్పి. జేజి చెయ్యి సగం దాకా లేచింది. అక్కడే ఆగింది. చేతికి తీసుకోకూడదన్న చట్టం ఆమెదే. నేల దగ్గర నేను లేను, కిటికీలో ఉన్నాను. ఆమె నాయన మొహం వంక చూసింది. కండక్టరు "చెయ్యి లోపల పెట్టుకోమ్మా, రైట్!" అన్నాడు. బస్సు కదిలింది. చాకు నా చేతిలో ఉండిపోయింది. నాయన అలాగే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు, కళ్ళనీళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ముందుకు తీయలేదు.

ఆ తర్వాత జరిగింది తమ్ముడు చాలా కాలానికి చెప్పాడు. "నాకు మాటిచ్చి ఇంత పని జేస్తావురా?" అని జేజి అక్కడే తగులుకుందట. "నా చేత్తో నేనిచ్చినానా మా? బస్సు తీసుకపాయె, నేనేం జేతును" అన్నాడట నాయన.

చాకు చేతికొచ్చింది సరే, పులివెందులలో దాన్ని తెరవడానికి నాకు ధైర్యం చాలలేదు. గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను. చిన్నప్పుడు జేజి మాటలకు ఒళ్ళు మండినదాన్నే, ఇప్పుడు రాత్రయితే అవే తలుచుకునేదాన్ని. వెళ్ళిన కొత్తలోనే పెన్నేరు పొంగి పారింది. ప్రొద్దుటూరు వైపు బస్సులు ఆగిపోయాయి. వారాలు గడిచాయి. ఉత్తరం లేదు, మనిషి లేడు. మా అత్త మంచిదే, "వానలు తగ్గితే వస్తార్లేమ్మా" అనేది. వానలు తగ్గాయి, బస్సులు నడిచాయి, అయినా ఎవరూ రాలేదు. ఆ చాకును తీసుకుపోయి ఏ బావిలోనైనా పడేస్తే అన్నీ సర్దుకుంటాయేమోనని అటక కింద నిలబడి చూసిన పూటలున్నాయి. నాకెంతో ఇష్టమైన వస్తువును చూసి నేనే భయపడుతున్నాను. జేజి అన్నేళ్ళూ దేనితో కాపురం చేసిందో నాకు అప్పుడు కొంచెం తెలిసింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం వాకిట్లో దగ్గు వినబడింది. నాయన దగ్గు. పరుగెత్తుకుంటూ పోయాను. చేతిలో గుడ్డసంచితో నిలబడి ఉన్నాడు. కూతురింటికి తండ్రి ఊరికే రాకూడదు అప్పట్లో. పండక్కి పిలవడానికో, చీరె పెట్టడానికో, ఏదో ఒక పని ఉండాలి. చూడబుద్ధై వచ్చానని చెప్పడం మగవాడికి నామోషీ. అందుకని నాయన, నేను బాగున్నానా అని కూడా అడక్కుండా, మా మామ వినేటట్టు గట్టిగా, "ఆ చాకు మొండిబడిందేమో, నూరిచ్చి పోదామని వచ్చినా" అన్నాడు. సంచిలోంచి సానరాయి తీసి అరుగు మీద పెట్టాడు.

నేను అటక మీదినుంచి చాకు తెచ్చి కింద పెట్టాను. ఆయన తీసుకున్నాడు. ఒక్కసారి కూడా వాడని చాకును రాయి మీద నీళ్ళు చల్లుకుంటూ అర్ధగంట నూరాడు. మామ లోపలికి పోయినాక మెల్లగా అడిగాను. "జేజి ఏమంటాంది నాయనా? నీతో మాట్లాడతాందా?"

"మాట్లాడకేం. ముందర శానా దినాలు మాట్లాడలే. నేను గమ్మునే ఉంటి, ఆమె కోపం తగ్గనీలే అని రాకుండా ఉంటి. నిన్న ఆమే వచ్చి, ఏరా, బిడ్డను జూసి రాకుండా ఇంట్లో కూచోని ఏం జేస్తాండావు, ఆ చాకు మొండిబడింటాది పో అనె." నాయన రాయి వైపు చూపించాడు. "ఇది సంచిలో పెట్టింది ఆమే."

ఆ మాటకు నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. ఆ పూట నాయన నూరిన చాకుతో చీనీకాయలు కోసి అందరికీ పెట్టాను.

అప్పటినుంచి నాయనకు మా ఇంటికి రావడానికి ఒక పని దొరికింది. చాకు మొండిబడితే నూరాలి గదా. నిజానికి ఆ ఇనుము అంత తేలిగ్గా మొండిబడే రకం కాదు. అందుకని నాయన వచ్చే వారమనగా, ఎవరూ చూడకుండా పెరట్లోకి పోయి, ఆ అలుగు వాదరను నాపరాయి మీద అడ్డంగా గీకి పెట్టేదాన్ని. ఒకసారి మా ఆయన చూసి, "పిచ్చా నీకు?" అన్నాడు. "మీకెందుకు, మీరు కాఫీ తాగండి" అన్నాను. నాయన వచ్చి, అరుగు మీద కూర్చుని, బొటనవేలితో వాదర చూసి, "ఏంది పాపా, దీంతో బండలు కోస్తాండావా?" అనేవాడు. "వంకాయలే నాయనా" అనేదాన్ని. "మీ పులివెందుల వంకాయలు శానా గట్టిగా ఉండాయే" అని రాయి మీద నీళ్ళు చల్లుకునేవాడు. ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని నాకూ తెలుసు. జేజి బతికున్నన్నాళ్ళూ, పుట్టింటినుంచి నాకు వచ్చిన ప్రతి కబురులోనూ ఆ చాకు క్షేమం అడిగింది.

ఇప్పుడు నా కూతురు పొద్దునా సాయంత్రమూ ఫోన్లో కనబడుతుంది. ఏం కూర వండావో చూపించమంటుంది. చూడబుద్ధైందని ఎవరికైనా ఎప్పుడైనా చెప్పవచ్చు, ఏ నెపమూ అక్కర్లేదు. ఇదే మేలు, ఇందులో నాకేమీ సందేహం లేదు. జేజి కాలంలో ఒక ఫోను ఉంటే ఆమె తండ్రి మొహం చూడకుండా పోయేది కాదు. అయినా సానరాయి సంచీలో వేసుకుని, ఎండలో బస్సు దిగి, వాకిట్లో దగ్గే మనిషి కోసం చెవులు రిక్కించుకుని ఉండటంలో ఒక రుచి ఉండేది. అది నా కూతురికి చెప్పబోతే, "అయితే ఆ చాకు నాకివ్వమ్మా" అంటుంది. ఇస్తాను లెమ్మంటాను.

నాయన చివరి రోజుల్లో బస్సెక్కే ఓపిక పోయింది. మంచం దిగడమే కష్టమైంది. నేనే ప్రొద్దుటూరు పోయాను. నన్ను చూడగానే, "చాకు తెచ్చినావా?" అన్నాడు. తెచ్చాను. తమ్ముడు ఆయనను దిండుకానించి కూర్చోబెట్టి, ఒళ్ళో పలక పెట్టి, దాని మీద సానరాయి పెట్టాడు. నేను ఎప్పటిలాగే చాకు తెరిచి, మంచం పక్కన నేల మీద పెట్టి, వెనక్కి జరిగాను. నాయన వంగబోయాడు. నడుం వంగలేదు. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఏదైనా పీట తెచ్చి ఎత్తుగా పెడదామని నేను లేవబోయాను.

"ఉండు పాపా" అన్నాడు నాయన, అరచెయ్యి చాపి. "ఇంత బతుకు బతికినాము. ఇంగ మనకేం కొట్లాట వస్తాది? ఇయ్యి చేతికి."

ఇచ్చాను. చాలాసేపు నూరాడు. పదును రాలేదు. అలుగును పంచె కొంగుతో తుడిచి, జాగ్రత్తగా మడిచి, పిడి నా వైపు తిప్పి పట్టుకున్నాడు. జేజి పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. అయినా ఒకసారి గుమ్మం వైపు చూశాడు.

"ఇంద పాపా, ఈసారి నా చేత్తోనే ఇస్తాండా" అన్నాడు.

నేను రెండు చేతులూ చాపి తీసుకున్నాను.